కుర్చీ ఖరీదు
ఢిల్లీలో తక్కువ డబ్బుతో కడుపు నింపుకోవడం కష్టం కాదు, కూర్చుని తినడమే కష్టం. మూడు రోజుల్లో ఒక తండ్రీకొడుకులు చేసిన భోజన యాత్ర.

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఆ కుర్రాడి అద్దె గదిలో సివిల్స్ పుస్తకాలతోపాటు ఒక పాత డైరీ ఉంది. అందులో రాజ్యాంగ అధికరణాలు లేవు. ఏ పూట ఎక్కడికి వెళితే ఎంతకు కడుపు నిండుతుందన్న లెక్కలున్నాయి. ఇంటి నుంచి డబ్బు వచ్చిన వారంలో వెళ్లేవి ఒక పేజీలో, ఇరవయ్యో తేదీ దాటాక వెళ్లేవి మరో పేజీలో. చివరి పేజీలో ఒకే పేరు, దాని పక్కన సున్నా. విజయవాడ నుంచి వచ్చిన ఈ నాలుగేళ్లలో అతను నిజంగా పట్టు సాధించిన సబ్జెక్టు ఇదేనని స్నేహితులు ఎగతాళి చేస్తుంటారు.

గత చలికాలంలో అతని తండ్రి మూడు రోజులుండి వెళదామని వచ్చాడు. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. ఢిల్లీ రావడం అదే మొదటిసారి. ఎర్రకోట, కుతుబ్ మినార్ కంటే ముందు కొడుకు భోజనాల కార్యక్రమం వేసి పెట్టుకున్నాడు. అప్పటికి పదిహేను రోజుల కిందటే మెయిన్స్ ఫలితాలు వచ్చాయి. మూడో ప్రయత్నంలోనూ అతని నంబరు లేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు. నోరు తినే పనిలో ఉంటే మాట్లాడే పని తగ్గుతుందని అతని ఆశ.

మొదటి ఉదయం జామా మసీదు దగ్గరి మటియా మహల్ సందుకు తీసుకెళ్లాడు. 1913లో మొదలైన కరీం హోటల్ అక్కడే ఉంది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు ఎక్కువగా అటే నడుస్తారు. డైరీలో ఉన్నవి మాత్రం దాని చుట్టుపక్కల, బోర్డు కూడా సరిగా కనిపించని కొట్లు. అక్కడ దొరికే నిహారీని రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికించి తెల్లారగానే అమ్ముతారు. పొద్దు అనే అర్థమున్న అరబ్బీ మాట నుంచే ఆ పేరు వచ్చింది. పొద్దెక్కితే గిన్నె అడుగంటుతుంది. గేదెమాంసంతో చేసేది చవక, మేకమాంసంతో చేసేది కాస్త ఎక్కువ. పైన అల్లం తురుము, పచ్చిమిర్చి, పిండుకోవడానికి నిమ్మచెక్క, నంజుకోవడానికి ఖమీరీ రోటీ. తండ్రి కోసం మేకమాంసానిదే చెప్పాడు కానీ, హాఫ్ ప్లేటు. ఢిల్లీలో తక్కువ డబ్బున్నవాడికి దొరికిన గొప్ప సదుపాయం ఈ హాఫ్ ప్లేటే. మన భోజన హోటళ్లలో ఫుల్ మీల్స్ అంటే ఫుల్లే. ఆకలి సగమైనా డబ్బు మొత్తం ఇవ్వాలి. ఇక్కడ కూరను సగానికి కొలిచి ఇస్తారు, సగం డబ్బులిచ్చినవాణ్ని చిన్నచూపు చూడరు.

"మన పాయాకి పెద్దన్నలా ఉందిరా" అన్నాడు తండ్రి, రొట్టె ముక్కతో గిన్నె తుడుస్తూ.

మధ్యాహ్నానికి చిక్కొచ్చింది. డైరీలో తరవాతి పేరు ఒక ఛోలే కుల్చే బండి. ఢిల్లీ ఆఫీసుల చుట్టూ ఇలాంటివి లెక్కలేనన్ని ఉంటాయి. సైకిలుకు కట్టిన ఇత్తడి గిన్నె, అందులో ఉడికిన బఠానీ, పైన ఉల్లిపాయ ముక్కలు. పదినిమిషాల్లో పని అయిపోతుంది. రుచికి వంక పెట్టలేం. కానీ ఆకు దొన్నె చేతికివ్వగానే తండ్రి చుట్టూ చూశాడు. కూర్చోవడానికి ఫుట్‌పాత్ అంచు తప్ప ఏమీ లేదు.

"ముప్పై ఏళ్లు బస్సులో నిలబడే ఉన్నా. తినేటప్పుడైనా కూర్చోనీరా" అన్నాడు.

నాలుగేళ్ల లెక్కల్లో కొడుక్కి తట్టని విషయం అది. డైరీలోని చవకైన చోట్లలో మూడొంతులు నిలబడి తినేవే. మోమోల బండి, పరాఠా బండి, పెసరపప్పు పకోడీలకు ముల్లంగి తురుము చల్లిచ్చే రామ్ లడ్డూల బండి, అన్నీ అంతే. ఢిల్లీలో తిండి చవకే, కుర్చీ ప్రియం. ఖాన్ మార్కెట్‌లో కాఫీకి చెల్లించే డబ్బులో కాఫీ గింజల వాటా ఎంతో, ఆ గది అద్దె వాటా ఎంతో ఊహించుకోవచ్చు. దేశంలోకెల్లా ఖరీదైన దుకాణాల వీధుల్లో అదొకటి మరి. కాబట్టి తక్కువ ధరకు కూర్చోబెట్టి అన్నం పెట్టే చోటు కనబడితే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఆ కుర్చీ అద్దె ఎవరు కడుతున్నారు?

ఆ సాయంత్రం ఇద్దరూ బాబా ఖరక్ సింగ్ మార్గ్‌లోని మోహన్ సింగ్ ప్లేస్ మెట్లెక్కారు. పైన ఇండియన్ కాఫీ హౌస్. చలికాలపు ఎండ తగిలే విశాలమైన డాబా, అప్పుడప్పుడు ప్లేట్ల వంక చూసే కోతులు, తలపాగా కుచ్చుతో వెయిటర్లు. చుట్టుపక్కల పేరున్న కేఫ్‌లో ఒక కాపుచినోకయ్యే డబ్బుతో ఇక్కడ ఇద్దరు టిఫిన్ చేసి కాఫీ తాగి లేవొచ్చు. లేవమని ఎవరూ చెప్పరు కూడా. పక్క బల్ల దగ్గర నలుగురు పెద్దమనుషులు ఖాళీ కప్పుల ముందు కూర్చుని ప్రభుత్వాన్ని పడగొట్టే పనిలో ఉన్నారు. అది ఏ ప్రభుత్వమన్నది వాళ్లకు పెద్దగా పట్టినట్టు లేదు.

దోసె గురించి తండ్రి ఏమీ అనలేదు. యజమాని ఎవరని మాత్రం అడిగాడు. వర్కర్లే యజమానులని కొడుకు చెప్పగానే సర్దుకుని కూర్చున్నాడు. డిపోలో యూనియన్ జెండా మోసిన మనిషి. ఆ కథ చెప్పించుకునే దాకా వదల్లేదు. 1950లలో కాఫీ బోర్డు తన కాఫీ హౌస్‌లను మూసేయడం మొదలుపెట్టినప్పుడు రోడ్డున పడ్డ వర్కర్లను సహకార సంఘాలుగా కూడగట్టిన వారిలో కమ్యూనిస్టు నేత ఏ.కె. గోపాలన్ ముఖ్యుడు. 1957లో బెంగళూరులో మొదటి సంఘం ఏర్పడింది. ఆ ఏడాది చివరికే ఢిల్లీలోనూ వచ్చింది. కేరళలో ఊరూరా ఉన్నవి ఆ తరవాతవి. ఢిల్లీ కాఫీ హౌస్ అప్పట్లో కన్నాట్ ప్లేస్‌లో, ఇప్పుడు పాలికా బజార్ ఉన్నచోట ఉండేది. రామ్‌మనోహర్ లోహియా వంటి వాళ్లు గంటల తరబడి కూర్చున్న చోటు. ఎమర్జెన్సీలో, 1976లో దాన్ని కూల్చేశారు. కప్పు కాఫీతో గంటలు గడిపే జనం ఏ ప్రభుత్వానికైనా కాస్త అనుమానాస్పదమే. ఆ తరవాత ఈ డాబా మీదికి చేరింది. 2000ల చివర్లో బకాయిలతో మూతపడబోతోందన్న వార్తలు కూడా వచ్చాయి. ఎలాగో నిలబడింది.

లేచేముందు వెయిటర్‌కు టిప్పు ఇవ్వాలా అక్కర్లేదా అన్న సందేహం వచ్చింది తండ్రికి. యజమానికి టిప్పేమిటని ఒకసారి జేబులో పెట్టుకుని, మళ్లీ తీసి బల్ల మీద ఉంచాడు.

రెండో రోజు డైరీ చివరి పేజీ వంతు. పక్కన సున్నా ఉన్న పేరు బంగ్లా సాహిబ్ గురుద్వారా. ఒకప్పుడది రాజా జైసింగ్ బంగళా. సిక్కుల ఎనిమిదో గురువు హర్‌కిషన్ 1664లో ఇక్కడ బస చేసి, ఊళ్లో మశూచి పాలైనవారికి సేవ చేశారు. ఇప్పుడు అక్కడి లంగర్‌లో రోజూ వేల మంది భోంచేస్తారు. చెప్పులు విప్పి, తలకు గుడ్డ కట్టుకుని, వరుసల్లో నేల మీద కూర్చోవాలి. కుర్చీ గొడవే లేదు. కోటీశ్వరుడైనా పక్కనే బాసింపట్టు వేయాల్సిందే. రొట్టెను రెండు చేతులూ చాచి అందుకోవాలి.

తండ్రి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "ఊరికే తింటే ఎట్టారా? మనకేం గతిలేకనా?"

చాలామంది తెలుగువాళ్లకు ఇక్కడే కాలు ఆడదు. గుడిలో ప్రసాదం కళ్లకద్దుకుని తింటాం, అన్నసంతర్పణకు పిలిస్తే వెళతాం. పిలవని చోట డబ్బివ్వకుండా పంక్తిలో కూర్చోవడానికి మాత్రం అభిమానం అడ్డొస్తుంది. కొడుక్కి ఆ అభిమానం మొదటి ఏడాదిలోనే వదిలిపోయింది. నెలాఖరులో ఎన్నిసార్లు అక్కడ తిన్నాడో అతను తండ్రికి చెప్పలేదు. వంటశాల వైపు తీసుకెళ్లాడు. అక్కడ ఎవరైనా పని చేయొచ్చు. ఆఫీసు దుస్తుల్లో ఉన్న ఒకాయన ఉల్లిపాయలు కోస్తున్నాడు, కాలేజీ పిల్లలు పిండి ఉండలు చేస్తున్నారు. తండ్రి చొక్కా చేతులు మడిచి వాళ్ల మధ్య కూర్చున్నాడు. మొదటి పది రొట్టెలూ ఆంధ్ర దేశపు పటంలా వచ్చాయి. పక్కనున్న సర్దార్జీ పెద్దావిడ ఏమీ అనకుండా కర్ర తీసుకుని ఎలా తిప్పాలో చూపించింది. గంట తరవాత వచ్చి పంక్తిలో కూర్చున్నప్పుడు మాత్రం రెండోసారి పప్పు అడిగి మరీ వేయించుకున్నాడు.

మూడో రోజుకు మిగిలింది ఆంధ్ర భవన్.

అశోకా రోడ్డులోని ఈ క్యాంటీన్ గురించి తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేముంది. పక్కనే లుట్యెన్స్ గీసిన నిజాం భవనం హైదరాబాద్ హౌస్. అక్కడ ప్రధానమంత్రి విదేశీ నేతలకు విందులిస్తారు. ప్రహరీకి ఇటువైపు టోకెన్ కొన్నవాళ్లందరికీ విందే. రాష్ట్రాల భవన్లన్నిటిలోనూ క్యాంటీన్లు పుట్టింది పని మీద ఢిల్లీ వచ్చే తమ శాసనసభ్యులు, అధికారుల కోసం. కొన్ని బయటివాళ్లకు గేటు తెరవవు. కొన్ని ప్రైవేటు నిర్వాహకుల చేతికి వెళ్లి, గోడలకు రంగులు మార్చుకుని ధరలు పెంచుకున్నాయి. అందరినీ రానిచ్చి, సర్కారీ స్థలంలో ఉన్న పుణ్యాన మార్కెట్ అద్దెల బరువు ప్లేటు మీద పడనివ్వని వాటిలో మనది ముందుంటుంది. కేంద్ర, రాష్ట్ర సంబంధాల మీద సర్కారియా కమిషన్ నివేదిక చదవని ఢిల్లీవాసి కూడా గోంగూర ఎక్కడిదో చెప్పగలడంటే ఈ క్యాంటీన్ చలవే. అలాగని వంటశాలల జోలికి రాజకీయం రాదనుకోవద్దు. 2015 అక్టోబర్‌లో కేరళ హౌస్ మెనూలోని మాంసం మీద ఫిర్యాదు రాగానే ఢిల్లీ పోలీసులు లోపలికి వెళ్లారు. కేరళ ముఖ్యమంత్రి ఊమెన్ చాందీ గట్టిగా నిరసన తెలపాల్సి వచ్చింది. సబ్సిడీ భోజనం పేరు చెబితే అందరికీ గుర్తొచ్చే పార్లమెంటు క్యాంటీన్‌లో 2021లో ఆ సబ్సిడీ ఎత్తేశారు. ఇక ఆంధ్ర భవన్ ఆస్తిని 2014 విభజన తరవాత 58, 42 పాళ్లలో రెండు రాష్ట్రాలకు పంచే లెక్క తేలడానికే దాదాపు పదేళ్లు పట్టింది. ఆ పదేళ్లూ పప్పు మాత్రం ఉమ్మడిగానే ఉడికింది.

నాలుగేళ్లలో కొడుకు అక్కడికి వెళ్లింది తక్కువే. ధర వల్ల కాదు. తెలుగువాళ్లుంటారు, పలకరిస్తారు, "బాబూ, రిజల్ట్ ఏమైంది?" అంటారు. మూడో రోజుకు దాన్ని వాయిదా వేయడానికి కారణమూ అదే.

టోకెన్లు తీసుకుని అరగంట నిలబడ్డారు. లోపల ఖాళీ ఎక్కడుంటే అక్కడ కూర్చోవాలి, పక్కన ఎవరని చూసుకునే వీలుండదు. వీళ్ల ఎదుట మెడలో ఐడీ కార్డు తగిలించుకున్న ఒక ఉత్తరాది ఉద్యోగి కందిపొడిలో నెయ్యి వేసుకుని, చూసి నేర్చుకున్న శ్రద్ధతో కలుపుతున్నాడు. పక్కన శ్రీకాకుళం నుంచి ఎయిమ్స్‌కు వచ్చిన భార్యాభర్తలు. ఆమెకు వైద్యం జరుగుతోంది. వారం రోజులకు ఇవాళే అన్నం నోటికి హితవుగా ఉందని ఆయన అన్నాడు. పూరీలు వచ్చాయి, పప్పు, కూర, వేపుడు, సాంబారు వచ్చాయి. పళ్లెంలో చోటు కనబడితే చాలు, వడ్డించే కుర్రాళ్లు బకెట్లతో దిగిపోతున్నారు.

"బాబు ఏం చేస్తున్నాడండీ?" అని అడిగాడు శ్రీకాకుళం ఆయన.

"సివిల్స్ రాస్తున్నాడండీ" అన్నాడు తండ్రి. గొంతులో ఆ కాస్త గర్వం దాగలేదు.

"మొన్నామధ్య రిజల్ట్స్ వచ్చినట్టున్నాయి కదా?"

తండ్రి కొడుకు వైపు తిరిగాడు. కొడుకు మాత్రం ఎదుటి మనిషినే చూస్తూ జవాబిచ్చాడు. "వచ్చాయండీ. నాది పోయింది. మెయిన్స్‌లో."

కాసేపు ఎవరూ ఏమీ అనలేదు. శ్రీకాకుళం ఆయన, అడిగినందుకు నొచ్చుకున్నట్టు, భార్య పళ్లెంలోకి పెరుగు జరిపాడు. తండ్రి చెయ్యెత్తి వడ్డించే కుర్రాణ్ని పిలిచాడు. "ఇటు కాస్త పప్పు వెయ్యి నాన్నా" అని కొడుకు పళ్లెం చూపించాడు. ఆ తరవాత తన అన్నం కలుపుకుంటూ అడిగాడు.

"ఇంకెన్ని ఛాన్సులున్నాయి?"

"మూడు."

"గది అద్దెంత?"

కొడుకు చెప్పాడు. తండ్రి పెదాలు కదుపుతూ లెక్క వేసుకున్నాడు. డ్యూటీ దిగాక టికెట్లకూ డబ్బుకూ లెక్క సరిపోల్చుకునే అలవాటు రిటైరైనా పోలేదు.

"పెరుగన్నం కానీ. బయటికెళ్లి మాట్లాడుకుందాం."

అప్పటికే వాళ్ల కుర్చీల వెనక చేతిలో టోకెన్లతో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. అక్కడ అది మామూలే, ఎవరూ తప్పుపట్టరు. తండ్రి ఒకసారి వెనక్కి తిరిగి వాళ్లను చూసి, నాలుగు ముద్దల్లో పెరుగన్నం ముగించాడు. ఇద్దరూ చేతులు కడుక్కుని వెనక్కి చూసేసరికి ఆ కుర్చీల్లో వాళ్లు కూర్చుని ఉన్నారు, ఒకరి పళ్లెంలో అప్పుడే పూరీ పడుతోంది.