నాన్నగారి జామ

మొక్కల పిచ్చి ఉన్న సోదరీమణులకు కడియం పుట్టింటి వంటిది. మొన్న జూలైలో రాజమండ్రిలో బస్సు దిగి కడియపులంక నర్సరీలకు వెళ్లాను. గులాబీలు, క్రోటన్‌లు ఎన్ని పిలిచినా నా పని వేరు. (రెండు గులాబీలు కొన్న మాట నిజమే.)

అమ్మకానికి పెట్టిన మా ఇంట్లో నాన్నగారు నాటిన జామచెట్టుంది. గింజ నాటితే అదే కాయ వస్తుందన్న నమ్మకం లేదు.

"గాలి అంటు కట్టుకోండమ్మా" అన్నారు ఒక నర్సరీ పెద్దాయన. పెన్సిలంత లావు కొమ్మకు అంగుళం మేర చుట్టూ బెరడు తీసి, తడి నాచు పెట్టి, పాలిథిన్ కాగితం బిగించి చూపించారు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు.

ఇంటికొచ్చి మూడు కొమ్మలకు కట్టాను. ఒకటి ఎండిపోయింది. నెలన్నర దాటాక మిగిలిన రెండింటిలో తెల్లని వేళ్లు కనిపించాయి. ఒక మొక్క తమ్ముడికిచ్చాను. ఇల్లు అమ్మేద్దామన్నది వాడే.