ఎడిసన్ పెరట్లో పాలడబ్బాల నారు

అమెరికాలో చలికాలం అంటే మోకాలిలోతు మంచే అనుకుంటాం కదండీ! 2024 ఫిబ్రవరి చివర్లో న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా అమ్మాయి ఇంటికి వెళ్తే పెరట్లో మంచు జాడే లేదు. అమెరికా ప్రధాన భూభాగంలో, రికార్డులున్నంతలో అదే అన్నిటికన్నా వెచ్చని చలికాలమట. డాఫోడిల్స్ అప్పుడే మొగ్గ తొడిగాయి. అక్టోబరులో నాటిన వెల్లుల్లి జానెడు ఎదిగింది.

గోడవారగా మూతల్లేని పాలడబ్బాలు వరుసగా ఉన్నాయి. ఇవి పారేయలేదేమే అంటే నవ్వింది. గ్యాలన్ డబ్బా అడుగున చిల్లులు పెట్టి, నడిమికి కోసి, నాలుగంగుళాల మట్టి పోసి, జనవరిలోనే పాలకూర, కొత్తిమీర, కేల్ విత్తనాలు చల్లి, టేపు చుట్టేసిందట! వానా మంచూ డబ్బా మూతిలోంచే పడతాయి. అదను చూసుకుని విత్తనాలే మొలకెత్తుతాయి.

నాకు ఆగుతుందా? వెచ్చగానే ఉందిగా అని, అది కిటికీలో అపురూపంగా పెంచుతున్న గోంగూర మొక్కల్ని మార్చి మధ్యలోనే పెరటి మడిలో నాటేశాను. "మే దాకా ఆగమ్మా" అన్నా వినలేదు. వారం పదిరోజుల్లో ఒక రాత్రి గడ్డకట్టే చలి వచ్చింది. తెల్లారేసరికి గోంగూర ఉడకేసినట్టు వాలిపోయింది. దాని దగ్గరున్న విత్తనాలే అవి. అమ్మాయి ఒక్కమాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధ. డబ్బాల్లో పాలకూర మొలకలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

మీరూ పిల్లల దగ్గరికి వెళ్తే గుర్తుంచుకోండి. చలికి ఓర్చే ఆకుకూరలు డబ్బాల్లో వేయండి. గోంగూర, బీర, సొర మొక్కల్ని మాత్రం మే మధ్య వరకు గడప దాటనివ్వకండి. నాలుగు వెచ్చని రోజులు చూసి నాలా మోసపోకండి!