గడియారానికి తెలియని సంగతి

కిందటి ఏడు వానాకాలంలో మా ఇంట్లో ఒక సంగతి జరిగింది. అందులో తప్పు నాదే. అయినా మీకు చెబుతాను.

మా రాముకు పదేళ్లు. చదువులో చురుకైనవాడు. అలాంటివాడు ఉన్నట్టుండి క్లాసులో తూగటం మొదలుపెట్టాడు. వాళ్ల మాస్టారు నన్ను పిలిచి, "రాత్రిళ్లు వీణ్ణి నిద్రపోనివ్వటం లేదా ఏమిటి?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికి వచ్చి వాణ్ణి నిలదీశాను. "రాత్రిళ్లు నిద్ర పట్టటం లేదు, నాన్నా," అన్నాడు. నేను నమ్మలేదు. ఆ వయసు పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. వాడు తొమ్మిదింటికి పడుకుని ఆరింటికి లేస్తాడు. లెక్క సరిపోయింది కదా!

నా దగ్గర నిద్రను కొలిచే చేతి గడియారం ఒకటి ఉంది. దాన్ని వాడి మణికట్టుకు కట్టాను. మర్నాడు చూస్తే 8 గంటల 40 నిమిషాలు నిద్రపోయాడని చూపించింది. మూడు రాత్రులూ ఇంచుమించు అంతే.

"గడియారం అబద్ధమాడుతుందా? నీదంతా బద్ధకం!" అని కేకలేశాను. వాడు మారు మాట్లాడలేదు. కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

ఆ కన్నీళ్లు చూశాక నా మనసు ఊరుకోలేదు. అసలు ఈ గడియారం నిద్రను ఎలా కనిపెడుతుందో తెలుసుకుందామని పుస్తకాలు తిరగేశాను.

దాని లోపల చేతి కదలికను పసిగట్టే చిన్న పరికరం ఉంది. అడుగున ఆకుపచ్చని దీపం ఉంది. రక్తం ఆ వెలుతురును పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం హెచ్చుతుంది, తగ్గుతుంది. దానినిబట్టి తిరిగివచ్చే వెలుతురు కూడా మారుతుంది. అలా నాడి లెక్క తెలుస్తుంది. చెయ్యి కదలక, నాడి నెమ్మదిస్తే, మనిషి నిద్రపోయాడని గడియారం అనుకుంటుంది. అంటే అది ఊహే!

నిద్ర సంగతి సరిగా తెలిసేది మెదడుకే. జర్మనీలో హాన్స్ బెర్గర్ అనే వైద్యుడు 1924లో మొదటిసారి మనిషి మెదడులోని విద్యుత్తు అలలను యంత్రంతో పట్టాడు. తరవాత చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ అసెరిన్‌స్కీ అనే విద్యార్థి తన ఎనిమిదేళ్ల కొడుక్కే కళ్ల దగ్గర, తలమీద తీగెలు అంటించి, ఒక పాత యంత్రానికి తగిలించి రాత్రంతా చూశాడు. ఉన్నట్టుండి యంత్రంలో ములుకులు గబగబా ఊగాయి. పిల్లవాడు మేలుకున్నాడనుకుని లోపలికి వెళ్లి చూస్తే, వాడు హాయిగా నిద్రపోతున్నాడు! మూసిన రెప్పల కింద కనుగుడ్లు మాత్రం చకచకా కదులుతున్నాయి. నిద్రలో అదొక దశ. కలలు ఎక్కువగా వచ్చేది అప్పుడే. ఆ సంగతి 1953లో లోకానికి తెలిసింది.

యంత్రం చెప్పినదానితో ఊరుకోక, ఆ తండ్రి లేచి వెళ్లి కొడుకును చూశాడు. నేనో, గడియారాన్ని చూశానుగాని నా కొడుకును చూడలేదు!

మర్నాడు రాముకు ఒక నోటుబుక్కు ఇచ్చాను. పడుకున్న వేళ, నిద్ర పట్టిన వేళ, ఎన్నిసార్లు మెలకువ వచ్చింది, ఎందుకు వచ్చింది, లేచాక ఒంట్లో ఎలా ఉంది—ఇవన్నీ రాయాలి. రాత్రి గడియారం చూడగూడదు. పొద్దున లేచాక, గుర్తున్నంత వరకు అంచనాగా రాస్తే చాలు. నిద్ర పట్టనివాళ్ల చేత వైద్యులు కూడా ఇలాగే రాయిస్తారు.

నాలుగోనాడు వాడు ఇలా రాశాడు: "నాయనమ్మ దగ్గింది. ఊపిరి ఆడుతున్నదా అని వింటూ పడుకున్నాను. నేను కదిలితే నాయనమ్మ లేస్తుందని కదలలేదు."

అది చదివి నేను నిలువునా నీరైపోయాను. మా అమ్మకు ఉబ్బసం. వానలు పట్టింది మొదలు రాత్రిళ్లు ఆయాసపడుతూ, మాకు ఎవరికీ చెప్పలేదు. పక్క మంచం మీది పసివాడు కట్టెలా పడుకుని ఆమెకు కాపలా కాశాడు. గడియారం దాన్ని నిద్ర కింద జమకట్టింది.

ఆ రోజే అమ్మను డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. నా మంచం ఆ గదిలో వేసుకుని, "ఇకనుంచి కాపలా నాది. నువ్వు పడుకోరా," అన్నాను. పది రోజులలో అమ్మకు నెమ్మదించింది. రాము క్లాసులో తూగటం మానేశాడు.

ఆ గడియారం ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. కాని పొద్దున్నే దాన్ని చూసే ముందు, "ఏరా, రాత్రి బాగా నిద్రపట్టిందా?" అని వాణ్ణే అడుగుతాను.