మేమూ కారు కొన్నాం

కారు కొనడం మా ఇంటా వంటా లేని పని. మా నాన్నగారు జీవితమంతా సైకిలు దాటి పోలేదు. నేను స్కూటరుదాకా వచ్చి, ఇహ చాలనుకున్నాను. కాని అమ్మకి నీటికాసులు వచ్చి ఎడమకన్ను పూర్తిగా పోయింది. కుడికంటికి వెలుతురూ చీకటీ తేడా మాత్రం తెలుస్తుంది. రెండు నెలలకొకసారి హైదరాబాదు ఆస్పత్రికి తీసుకుపోవాలి. సంగారెడ్డినుంచి అరవై కిలోమీటర్లకు కాస్త తక్కువే అనుకోండి. కాని పటాన్‌చెరువు దగ్గర లారీల నడుమ ఇరుక్కుపోయిన బస్సులో, మోకాళ్లనొప్పులున్న డెబ్బైయేళ్ల మనిషికి అది కాశీయాత్రకి తక్కువేమీ కాదు.

కొంటే కరెంటు కారే కొనాలని మా అబ్బాయి పట్టుబట్టాడు. కాగితం తెచ్చి లెక్క వేసి చూపించాడు. ఈ బండ్లమీద జి.ఎస్.టి. 2019 ఆగస్టు 1నుంచి 12 శాతంనుంచి 5 శాతానికి తగ్గిందట. మన రాష్ట్రంలో 2024 నవంబరు 18నుంచి 2026 డిసెంబరు ఆఖరుదాకా రోడ్డుటాక్సూ రిజిస్ట్రేషను రుసుమూ మాఫీ అట. పెట్రోలు ఖర్చు సంగతి సరేసరి. లెక్కల్లో వాడితో వాదించే శక్తి నాకు ఏనాడూ లేదు. నా చదువు తెలుగు ఎమ్మే.

2025 ఉగాదికి ముందు అందరం కలిసి షోరూముకు వెళ్లాం. ఏలకులు వేసిన టీ ఇచ్చారు. మా ఆవిడ రంగు చూసింది, అబ్బాయి తెర చూశాడు, నేను ధర చూశాను. అమ్మ వెనకసీట్లో ఎడంపక్క కూర్చుని, తలుపుకున్న చెయ్యి ఆనించుకునే చోటు తడిమింది. వేళ్లతో రెండుసార్లు నొక్కింది.

"గిది మెత్తగున్నది కొడుకా. చెయ్యి ఆనిచ్చి కూసుంటె నడుము మీద బరువు పడదు," అంది.

ఆ మాటతో బేరం తెగిపోయింది. చెప్పొద్దూ, నా ప్రావిడెంటు ఫండులో సగం ఆ మెత్తదనానికే పోయింది.

మే నెలాఖరుకు బండి చేతికొచ్చింది. కొబ్బరికాయ కొట్టాం, చక్రాలకింద నిమ్మకాయలు పెట్టాం, దండ వేసి ఫోటో తీయించుకున్నాం. ఇస్నాపూర్ దాటామో లేదో, వెనకనుంచి అమ్మ, "ఇది మనం జూసిన బండి కాదు," అంది.

నవ్వాను. అదే రంగు, అదే పేరు, అదే తెర. కంటిచూపు లేని మనిషికి ఏదో తికమక కాబోలు అనుకున్నాను. అమ్మ మళ్లీ, "చెయ్యి పెట్టేకాడ చెక్కలెక్కున్నది," అంది. బండి పక్కకి ఆపి నేనూ వెనక్కి వెళ్లి చూశాను. చూస్తే తేడా ఏమీ కనబడలేదు. బూడిదరంగు తోలు, దాని అంచున చక్కని కుట్లు. గోటితో గీరి చూశాను. కుట్టులో దారం లేదు! గట్టి ప్లాస్టిక్కులో కుట్టులాగా అచ్చు పోశారన్నమాట. ముగ్గురం, ఆరు కళ్లు, అరగంటసేపు బండిచుట్టూ తిరిగి పట్టుకోలేనిది ఆవిడ చెయ్యి పట్టుకుంది. అది తెలిశాక ఇంకోటి కూడా వినబడటం మొదలుపెట్టింది. కరెంటు బండికి ఇంజను మోత లేదు కదా, అంచేత గతుకు వచ్చినప్పుడల్లా ఆ తలుపు కిర్రుమనడం చెవికి స్పష్టంగా తెలుస్తుంది.

మర్నాడే షోరూముకు పోయాను. మళ్లీ టీ వచ్చింది. అమ్మిన కుర్రవాడు మా బండి తలుపూ, వాళ్ల ప్రదర్శన బండి తలుపూ మార్చి మార్చి తడిమి, "నిజమే సార్, మాకూ చెప్పలేదు," అన్నాడు. అబద్ధమాడుతున్నాడని నాకు తోచలేదు, అతని మొహం నాకంటె ఎక్కువ పాలిపోయింది. ఇంకొకాయన వచ్చి రంగురంగుల పుస్తకం వెనక అట్ట తిప్పి చూపించాడు. చీమతలకాయంత అక్షరాల్లో, ముందుగా తెలియజేయకుండా దేన్నైనా మార్చే హక్కు కంపెనీకి ఉందని రాసి ఉంది. ఇరవైయేళ్లుగా పిల్లల పరీక్షకాగితాల్లో అరసున్నలు వెతికేవాణ్ని, ఈ ఒక్క వాక్యం చదవకుండా సంతకం పెట్టాను.

కంపెనీకి ఉత్తరం రాశాను. మూడు వారాలకి జవాబు వచ్చింది. మా వస్తువులను నిరంతరం మెరుగుపరుస్తూ ఉంటాము, ఇది అందులో భాగం, అని సారాంశం. అమ్మకి తెలుగు చేసి వినిపించాను. ఆవిడ కాసేపు ఊరుకుని, "మంచిగ జేస్తె ఊరంత చాటింపెయ్యరా? సప్పుడు జెయ్యకుంట ఎందుకుంటరు?" అంది.

ఈ ప్రశ్న పట్టుకుని మా వకీలు మిత్రుడి దగ్గరికి వెళ్లాను. ఆయన 1930నాటి వస్తు విక్రయ చట్టం తీసి, 17వ సెక్షను చదివాడు. నమూనా చూపించి అమ్మితే, ఇచ్చే సరుకు ఆ నమూనాకి సరితూగి తీరాలి. నాకు మా నాన్నగారు జ్ఞాపకం వచ్చారు. సదాశివపేట గంజికి జొన్నలు తీసుకుపోతే, షావుకారు బస్తా నడుములోకి ఇనుపగొట్టం గుచ్చి గింజలు బయటికి లాగి అరచేతిలో పోసుకుని చూసేవాడు. పైన మంచివి పోసి కింద తాలు పోస్తే ఆ గొట్టం చెప్పేసేది. కారుకి అల్లాంటి గొట్టమేదీ? వకీలు ఇంకా చెప్పాడు. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన వినియోగదారుల చట్టం ప్రకారం, కొనేవాడికి వస్తువు నాణ్యత, ప్రమాణం గురించి తెలుసుకునే హక్కు ఉంది. ఐతే షోరూములో పెట్టిన బండి నమూనాయే అని రుజువు చెయ్యాలి, అవతలివాళ్లు ఆ చీమతలకాయ వాక్యం పట్టుకుని వేలాడుతారు. "గెలవచ్చు, గెలవకపోవచ్చు. ఈలోగా అమ్మగారు ఆస్పత్రికి ఎన్నిసార్లు పోవాలో లెక్క వేసుకో," అన్నాడు.

ఇంతకీ ఆ మెత్తనిది మాత్రం తోలా? కాదు. గుడ్డమీద ప్లాస్టిక్ పూత పూసిన నకిలీ తోలే. మనం రెగ్జిన్ అంటామే, అది నిజానికి ఇంగ్లండులో మాంచెస్టరు దగ్గర హైడ్ అనే ఊళ్లోని కంపెనీ పేరు. వాళ్లు గుడ్డమీద సెల్యులోజు నైట్రేటూ కర్పూరతైలమూ కలిపిన పూత పూసి, తోలుచారలు అద్ది అమ్మేవారు. కంపెనీ పేరే మన బజార్లో సరుకు పేరయి కూర్చుంది. అంటే తోలుకి నకలు రెగ్జిను, రెగ్జినుకి నకలు మా తలుపు.

పటాన్‌చెరువు పక్కన ఒక చిన్న కార్ఖానాలో మా పాత విద్యార్థి ఒకడు సూపర్‌వైజరు. పద్యం అప్పజెప్పమంటే గొంతు పెగిలేది కాదు, ఇప్పుడు యంత్రాల హోరు మించి కేకవేసి మాట్లాడుతున్నాడు. వాళ్లు పెద్ద కంపెనీకి సరుకిచ్చే కంపెనీకి సరుకిస్తారు. మా బండికి కాదు, వేరొకదానికి. "కాని కథ ఒకటే సార్," అంటూ లోపలికి తీసుకుపోయాడు.

ప్లాస్టిక్ దానా కరిగి ఉక్కు అచ్చులోకి పోతుంది, నిమిషం తిరిగేలోగా తలుపుచెక్క బయటపడుతుంది. తోలుగీతలూ కుట్లూ ఆ ఉక్కుమీదే చెక్కి ఉంటాయి. పూర్వం ఐతే ఆ చెక్కమీద జిగురు చల్లి, పల్చని స్పాంజి అతికిన రెగ్జిను వేడిచేసి, లాగి, అంచులు వేళ్లతో మడిచేవారు. ఆ పనికి పదిపన్నెండుమంది ఆడవాళ్లు ఉండేవారు. ఒకనాడు పైనుంచి ఈ-మెయిలు వచ్చింది, వచ్చే నెలనుంచి రెగ్జిను వద్దని. ఆ బల్లలు ఇప్పటికీ గోడవారగా బోర్లించి ఉన్నాయి. "అందరూ చుట్టుపక్కల ఊళ్లవాళ్లే సార్. నలుగుర్ని పాకింగులో పెట్టుకున్నాం," అన్నాడు. మిగతావాళ్ల సంగతి నేను అడగలేదు, వాడూ చెప్పలేదు.

న్యాయం చెప్పాలంటే, మార్పుకి కారణం లేకపోలేదు. మన ఎండలకి ఆరుబయట నిలబెట్టిన బండిలో జిగురు వదిలి, రెగ్జిను అంచులు లేస్తాయట. గట్టి ప్లాస్టిక్కుకి ఆ బాధ లేదు. పైగా బరువు తక్కువ, ఒకే పదార్థం గనక మళ్లీ కరిగించుకోవడం తేలిక. కరెంటు బండిలో ధరలో పెద్దభాగం బ్యాటరీయే తినేస్తుంది గనక మిగిల్చుకునేది ఈ తలుపుల దగ్గరే. ఇదంతా విన్నాక నా కోపం సగం చల్లారింది. ఈ ముక్కే బండి ఇచ్చేముందు నాకు చెప్పి ఉంటే, నేనే అమ్మకి నచ్చజెప్పి ఉందును గదా అనిపించింది.

అమెరికాలోనూ ఇంతే. టెస్లావారు 2021లో రెండు రకాల బండ్లలో ముందుసీటు ప్రయాణికుడి నడుముకి ఊతమిచ్చే అమరిక తీసేశారు. కొన్నవాళ్లు కనిపెట్టి అడిగితే, దాన్ని దాదాపు ఎవరూ వాడటం లేదని బండ్లు పంపిన లెక్కల్లో తేలిందని ఈలన్ మస్క్ బదులిచ్చాడు. మా అమ్మ చెయ్యి ఏ లెక్కలోకి వచ్చిందో నాకు తెలియదు.

ఆవిడ మాత్రం పాతచీర నాలుగు మడతలు వేసి, సూదిలో దారం మా ఆవిడచేత ఎక్కించుకుని, తలుపుకి చిన్న బొంత కుట్టుకుంది. ఇప్పుడు ఆస్పత్రికి దానిమీదే చెయ్యి ఆనించుకుని వస్తోంది.

మొదటి సర్వీసుకని బండి తీసుకుని వెళ్లినప్పుడు షోరూములో ఆ పాత ప్రదర్శన బండే ఇంకా నిలబడి ఉంది. అందులో ఎవరో కుటుంబం కూర్చుని ఉన్నారు. భుజాన కండువా వేసుకున్న పెద్దాయన వెనకసీట్లో ఒరిగి, మెత్తని తలుపుమీద మోచెయ్యి ఆనించి, హాయిగా కళ్లు మూసుకున్నాడు. కుర్రవాడు నన్ను చూశాడు. నేను అతన్ని చూశాను. అతని నెలజీతం ఈ బండ్లమీదే ఆధారపడి ఉందని నాకు తెలుసు. చాలాసేపు తటపటాయించాను.

చివరికి దగ్గరికి వెళ్లి, "పెద్దాయనా, మీకిచ్చే బండి తలుపు ఒకసారి ఇట్లాగే చెయ్యి వేసి చూసుకుని, అప్పుడు డబ్బు కట్టండి," అన్నాను.

ఆయన కళ్లు తెరిచి, ఎందుకని అడిగాడు. చెప్పాను. ఆ పూట నాకు టీ రాలేదు.