వక్తృత్వ పోటీలో నేను చెప్పనిది

కిందటేడు మన యూనియన్ నిర్వహించిన వక్తృత్వ పోటీ మిత్రులకు గుర్తుండే ఉంటుంది. "బీద దేశాల పిల్లలను విదేశీయులు దత్తత తీసుకోవడం సమంజసమే" అన్నది విషయం. అనుకూలంగా మాట్లాడి మొదటి బహుమతిగా ఒక స్టీలు టిఫిన్ డబ్బా, ఒక సర్టిఫికెట్టు పుచ్చుకున్నవాణ్ణి నేనే. సావనీరుకు ఏదైనా రాయమని సంపాదకుడు వెంటపడినప్పుడు, బి.యస్సీ. విద్యార్థిని కనుక సైన్సు వ్యాసమేదో ఇచ్చి తప్పించుకుందామనుకున్నాను. కాని ఆ డబ్బా నా హాస్టల్ గదిలో కళ్ళెదుటే ఉంది. చూసినప్పుడల్లా ఒక బాకీ గుర్తుకొస్తుంది.

ఆ రోజు నేను చేసిన వాదం మహా సులువైనది. ఇక్కడ ఆకలి, అక్కడ అన్నం. ఇక్కడ బడి లేదు, అక్కడ ఉంది. కనుక పంపడమే న్యాయం. ప్రతికూలంగా మాట్లాడిన అమ్మాయి "మరి తల్లిని అడిగిందెవరు?" అన్నది. "ఆకలికి సంతకం అక్కర్లేదు" అని నేను ఎదురు జవాబిచ్చాను. హాలంతా ఈలలు. ఆ మాటకు అర్థమేమిటో నన్నెవరూ అడగలేదు. అడిగితే నాకూ తెలియదు.

మాది నల్లగొండ జిల్లా, దేవరకొండ వైపు ఒక పల్లె. ఆరెకరాల చెలక, ఒక బోరు. సంక్రాంతి సెలవులకు వెళ్ళేసరికి చివరి విడత పత్తి ఏరుతున్నారు. మధ్యాహ్నం వేపచెట్టు కింద సద్దులు విప్పినప్పుడు నాయనమ్మకు నా విజయగాథ వినిపించాను. కూలికి వచ్చిన లంబాడి ఆడవాళ్ళు పక్కనే కూర్చుని తింటున్నారు. వాళ్ళలో ఒకామెను నేను చిన్నప్పటి నుంచి అత్తా అని పిలుస్తాను.

"ఏం చెప్పి గెలిచినవ్ కొడుకా?" అన్నది ఆమె.

"బయటి దేశపోళ్ళు మన పిల్లల్ని తీస్కపోయి సాదుకుంటే మంచిదేనని చెప్పిన అత్తా."

ఆమె చేతిలో రొట్టె చేతిలోనే ఉండిపోయింది. కాసేపాగి అడిగింది. "సాదుకున్నోళ్ళు ఆ పిల్లకు నా పేరు చెప్పిండ్రంటవా?"

ఏ పిల్ల అని నేనడగబోతే నాయనమ్మ కళ్ళతోనే వారించింది.

ఆ రాత్రి నాయనమ్మ చెప్పగా తెలిసింది. 2000వ సంవత్సరంలో ఆమెకు మూడో కాన్పు. మూడోసారీ ఆడపిల్లే. వానల్లేక చేలు ఎండిన కాలం. ఎవరో ఒకామె తండాకు వచ్చి, పట్నంలో పెద్ద బడిలో చదివిస్తామని, పెద్దయ్యాక చూడనిస్తామని చెప్పిందట. పదిహేను వందలు పెనిమిటి చేతిలో పెట్టారు. ఒక కాగితం మీద ఈమెతో వేలిముద్ర వేయించారు. లంబాడి భాష మాట్లాడే మనిషి, తెలుగు చదవదు, ఇంగ్లీషు సంగతి చెప్పనే అక్కర్లేదు. అందులో ఏం రాసి ఉందో ఇప్పటికీ తెలియదు. రెండేళ్ళ తరువాత పెనిమిటి వెతుక్కుంటూ పోతే, పిల్ల దేశం దాటిపోయిందని గేటు దగ్గరే చెప్పి పంపించారు.

సెలవులైపోయి తిరిగొచ్చాక లైబ్రరీలో కూర్చున్నాను. పోటీకి ముందు చేయవలసిన పని అది! ఇది ఆమె ఒక్కతె కథ కాదు. 1999లోనూ, మళ్ళీ 2001లోనూ మా జిల్లా తండాల నుంచి పసిపిల్లలను కొని హైదరాబాదు శిశుగృహాలకు చేర్చిన బాగోతం పత్రికలకెక్కింది. తల్లిదండ్రులు పిల్లలను అలా సంస్థలకు వదులుకోవడాన్ని 2001లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. చట్టం లేక జరిగిందా అంటే, అదీ కాదు. లక్ష్మీకాంత్ పాండే అనే న్యాయవాది 1982లో రాసిన ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకుని సుప్రీంకోర్టు 1984లో తీర్పు ఇచ్చింది. బిడ్డ పుట్టకముందు గాని, పుట్టిన మూడు నెలల లోపల గాని వదులుకునే నిర్ణయం తీసుకోరాదని అందులో ఉంది. మా అత్త బిడ్డను తీసుకుపోయింది పురిటి పదకొండో రోజున.

అమెరికాలో డేవిడ్ స్మోలిన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడున్నాడు. ఆయన దంపతులు 1998లో మన రాష్ట్రం నుంచే ఇద్దరు అక్కచెల్లెళ్ళను దత్తత తీసుకున్నారు. మా అమ్మ బతికే ఉంది, మమ్మల్ని ఎవరికీ ఇవ్వలేదు అని ఆ పిల్లలు చెప్పారు. విచారిస్తే అదే నిజమని తేలింది. నల్లడబ్బును తెల్లడబ్బు చేసినట్టే, ఎత్తుకొచ్చిన పిల్లలను కాగితాలతో అనాథలుగా మారుస్తున్నారని ఆయన తరువాత వ్యాసాలు రాశాడు. అంటే తీసుకున్నవాళ్ళు దుర్మార్గులు కానక్కర్లేదు. మంచివాళ్ళే, మంచి మనసుతోనే వేల డాలర్లు కట్టారు. ఆ డాలర్లే ఇక్కడ తండాలోకి మనుషులను పంపాయి. దక్షిణ కొరియాలోనూ ఇదే తంతు అని, తల్లిదండ్రులున్న పిల్లలను అనాథలుగా రాశారని, అక్కడి ప్రభుత్వ కమిషనే 2025లో ఒప్పుకుంది.

దత్తతకు నేను వ్యతిరేకిని కాను. మా చిన్న బాబాయి దత్తత పోయినవాడే. పిల్లలు లేని మా చిన్నతాతకు ఇచ్చారు. అతనికి ఇద్దరు తల్లులు, ఇద్దరూ తెలుసు. పెళ్ళిలో ఇద్దరూ పీటల పక్కనే కూర్చున్నారు. చిన్నప్పుడు కోపమొస్తే కన్నతల్లి ఇంటికి పారిపోయేవాడట, అరకిలోమీటరు దూరం. నిజంగా ఎవరూ లేని బిడ్డకు సముద్రాల అవతల ఒక ఇల్లు దొరికితే నేనెందుకు కాదంటాను? ఇప్పటి చట్టంలో ఇచ్చిన తల్లి మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువుంది. అది మంచిదే. కాని ఆ తల్లికి ఆ రెండు నెలలూ తిండి పెట్టేదెవరు?

ఇక అసలు సంగతి. రాద్దామా వద్దా అని చాలా రోజులు తటపటాయించాను. అత్త కథంతా చెప్పి నాయనమ్మ దీపం తీసేస్తూ అన్నది. "ఆ యేడు మీ తాతను రెండు వేలు బదులడిగింది. పత్తి ఏరి తెంపుకుంటనన్నది. పాత బాకీ ఉన్నదని ఇయ్యలే. నేను పక్కనే ఉన్న, నేనూ చెప్పలే." ఆ సంవత్సరమే మేము రెండో బోరు వేయించాం. నీళ్ళు పడలేదు.

నేను ఉపన్యాసంలో "ఇక్కడ ఆకలి" అని చేయి ఊపి చెప్పిన ఆకలి అదన్నమాట.

ఉగాదికి మళ్ళీ వెళ్ళినప్పుడు అత్త తనంతట తానే వచ్చింది. "నువ్వు సైన్సు చదువుతున్నవ్ గద, ఉమ్మి చూసి తల్లీబిడ్డల్ని చెప్తరంట, నిజమేనా?" అన్నది. నిజమే అత్తా, కాని ఆ పిల్ల కూడా అక్కడ ఇచ్చి ఉండాలె అన్నాను. ముందు నీకు గుర్తున్నవి చెప్పు, రాసి పెడదామన్నాను. కెమిస్ట్రీ రికార్డు వెనక పేజీలో రాసుకున్నాను. హోలీకి ఎనిమిది రోజుల ముందు, తెల్లవారుజామున. ఎడమ చెవి వెనక మచ్చ. కాలికి నల్లదారం, దానికి గవ్వ. చదివి వినిపించాను. అంతా విని, పేజీ కిందున్న ఖాళీ వైపు చూసి, బొటనవేలు చీరకు తుడుచుకుంటూ అడిగింది.

"దీనిక్కూడ ఏలుముద్ర ఎయ్యాల్నా కొడుకా?"

వద్దత్తా అన్నాను.