పేరు హైదరాబాద్‌ది, మైదానం కొలంబోది



హైదరాబాద్ స్కైకింగ్స్ పేరు మనలో ఎంతమందిమి విన్నం? అది అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్. బంతి పట్టుకుని నాలుగు ప్రయత్నాల్లో 10 గజాలు పోవాలె, లేకుంటే బంతి అవతలోళ్లకే. 2011లో ఎలైట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియాను ప్రకటించినప్పుడు మైక్ డిట్కా, కర్ట్ వార్నర్ లాంటి అమెరికా దిగ్గజాలు వెనక నిలబడ్డరు. 2012 మొదటి సీజన్ కొలంబోలో జరిగింది. ఆటలు రికార్డు చేసి తర్వాత టీవీలో వేసిన్రు. కప్పు పుణె మరాఠాస్ గెలిచింది. ఆ లీగ్ మాత్రం నిలబడలేదు.

సీజన్ చిన్నగుంటే తప్పేం కాదు. 2014లో ప్రొ కబడ్డీ మొదటి సీజనూ అయిదు వారాల్లోనే ముగిసింది. కానీ కబడ్డీకి ఊరూరా ఆడేటోళ్లు, చూసేటోళ్లు ముందే ఉన్నరు. అందుకే అది నిలిచింది.

పటాన్‌చెరులో కాంట్రాక్టు పని చేసే మనకు ఈ లెక్క కొత్తేం కాదు. ఆర్డర్ ఉన్నన్ని రోజులే గేటు పాసు. అందుకే రేపు ఎవరన్నా మన తండాకొచ్చి ‘సెలక్షన్స్’ అంటే సంబరపడదాం, పోదాం. కానీ సంతకం పెట్టే ముందు మూడు అడుగుదాం: ఆట ఎక్కడ? జీతం ఎన్ని నెలలు? కాలు విరిగితే దవాఖాన ఖర్చు ఎవరిది? జవాబు కాయితం మీద ఉండాలె.