ఒక్క ఒత్తు కోసం బ్రస్సెల్స్ దాకా!

‘బెల్జియమా? చాక్లెట్లు తే’ అన్నారు ఆఫీసులో. ‘కంపెనీ పంపుతోందా?’ అని అడిగింది అమ్మ. లేదు, సొంత ఖర్చే. విమానం టికెట్లు, షెంజెన్ వీసా, హాస్టల్‌లో నాలుగు రాత్రులకి ఒక బెడ్.. అన్నీ కలిపి లక్షా ఇరవై వేలు దాటింది. ఏడాదిగా దాచుకున్న డబ్బు. అంత పోసి వెళ్లింది ఊరు చూడ్డానికి కాదు, నాలాంటి కోడర్లని కలవడానికి.

టికెట్ లేని జాతర

ఫాస్‌డెమ్ పేరు విన్నారా? ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లంతా ఏడాదికోసారి ఒక శని, ఆదివారాలు బ్రస్సెల్స్‌లో కలుస్తారు. ఓపెన్ సోర్స్ అంటే తెలుసుగా, కోడ్ అందరికీ కనిపిస్తుంది, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా సరిదిద్దొచ్చు. ఈ జాతర 2000లో మొదలైంది. నేను వెళ్లింది 2025 ఫిబ్రవరి 1, 2 తేదీల్లో జరిగిన పాతికేళ్ల పండక్కి.

ఎంట్రీ ఫీజు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, మెడలో ట్యాగ్ లేదు. ‘నువ్వెవరు?’ అని ఆపేవాళ్లే లేరు. అందుకే ఎంతమంది వస్తారో నిర్వాహకులకీ కచ్చితంగా తెలీదు. ఎనిమిది వేల పైమాటే అని అంచనా. మొత్తం నడిపించేది వాలంటీర్లే.

హైదరాబాద్ నుంచి దోహాలో విమానం మారి బ్రస్సెల్స్ చేరా. శనివారం పొద్దున్నే సిటీ సెంటర్‌లో 71 నంబర్ బస్సెక్కా. దారి అడగాల్సిన పని పడలేదు. బస్సులో సగంమంది హుడీల మీద ఏదో ఒక సాఫ్ట్‌వేర్ లోగో ఉంది. వాళ్లు దిగినచోటే దిగా. అది ఊరి దక్షిణం వైపున్న ఒక యూనివర్సిటీ, సోల్‌బోష్ క్యాంపస్.

రెండు రోజుల్లో వెయ్యికి అటూ ఇటూగా టాక్స్. పెద్దవి జాన్సన్ ఆడిటోరియంలో, మిగతావన్నీ క్లాస్‌రూముల్లో. ఒక్కో సబ్జెక్టుకి ఒక్కో గది. గది నిండగానే తలుపు మీద ‘ఫుల్’ బోర్డు పడుతుంది. ఒకరు బయటికొస్తేనే ఇంకొకరు లోపలికి. సంక్రాంతి సినిమాకి హౌస్‌ఫుల్ బోర్డు చూసినట్టే ఉంటుంది.

వైఫైలో కూడా వీళ్ల అల్లరి కనిపిస్తుంది. మామూలు నెట్‌వర్క్ పూర్తిగా ఐపీవీ6 మీదే నడుస్తుంది. మనమింకా వాడుతున్న ఐపీవీ4 కావాలంటే వేరే నెట్‌వర్క్ ఉంది. దాని పేరు ‘ఏన్షియంట్’!

అక్షరం విరిగిందిరా..

ఇంతకీ నేనెందుకు వెళ్లానో చెప్తా. అమ్మ వాళ్ల డ్వాక్రా గ్రూపు లెక్కలు ఫోన్‌లో రాసుకోడానికి ఒక ఓపెన్ సోర్స్ నోట్స్ యాప్ వేసిచ్చా. ఒకరోజు ‘ఇదేంట్రా, అక్షరం విరిగింది’ అని చూపించింది. ‘గ్రూపు లెక్కలు - స్త్రీనిధి’ అని హెడ్డింగ్ పెడితే, చోటు చాలక యాప్ దాన్ని మధ్యలో కోసేసింది. చివర ‘స్త్’ అని మిగిలి, పక్కన మూడు చుక్కలు.

‘స్త్రీ’ మనకి ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి మాత్రం ఆరు ముక్కలు.. స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. యాప్ నాలుగో ముక్క తర్వాత కత్తెర వేసింది. పాత యూనికోడ్ నియమం ప్రకారం అలా కోసినా తప్పులేదు. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 ఈ నియమాన్ని మార్చింది. తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో ఒత్తుల్ని విడదీయకుండా ఒక్క యూనిట్‌గా చూడాలంది. దాని ప్రకారం యాప్ కోడ్ మార్చి పంపా.

ఏడు నెలలు గడిచాయి. ‘చూస్తాను’ అన్న ఒక్క ముక్క తప్ప ఏమీ లేదు. ఆ కోడ్ చూసే ఆయన ఫాస్‌డెమ్‌కి వస్తున్నారని తెలిసింది. ‘కలవచ్చా?’ అని మెసేజ్ పెట్టా. ‘శనివారం రెండింటికి, కె బిల్డింగ్ మెట్ల దగ్గర’ అని జవాబొచ్చింది.

నలభై దాటిన మనిషి. ఏదో పెద్ద కంపెనీలో ఆర్కిటెక్ట్ అనుకున్నా. ఒక స్కూల్లో కంప్యూటర్లు బాగుచేసే ఉద్యోగమట. యాప్ పని రాత్రిపూట, పిల్లలు పడుకున్నాక ఒక గంట. జీతం లేదు. ఆయన్ని చూశాక ఆ ఏడు నెలలకి లెక్క దొరికింది.

‘నీ కోడ్ అర్థమైంది. నీ అక్షరమే అర్థం కాలేదు’ అన్నారాయన. ‘నేను ఓకే చేశాక తెలుగు ఇంకోచోట పాడైతే ఆ సంగతి నాకు కనిపించదు. చదవలేనుగా!’

కాగితం తీసి ‘స్త్రీ’ని ఒక్కో ముక్కా రాసి చూపించా. ఆయన శ్రద్ధగా చూసి ఒక ప్రశ్న వేశారు. ‘మీ ఊళ్లో చిన్నపిల్లలు ఈ పదాన్ని ఎక్కడ విరుస్తారు?’ ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్నెవరూ ఇలాంటి ప్రశ్న అడగలేదు. విరవరు, పలక మీద ఒక్క అక్షరంగానే దిద్దుతారని చెప్పా.

తర్వాత ‘సాఫ్ట్‌వేర్’ రాశా. ఇందులో తిరకాసుంది. ‘ట్’కి, ‘వే’కి మధ్య కంటికి కనపడని ఒక క్యారెక్టర్ పెడతాం. లేకపోతే ‘వ’ వెళ్లి ఒత్తై కూర్చుంటుంది. అంటే ‘స్త్రీ’లో కొయ్యకూడదు, ‘సాఫ్ట్‌వేర్’లో అక్కడ కొయ్యొచ్చు. ఆయన నవ్వి, ‘2018లో ఐఫోన్లని క్రాష్ చేసిన అక్షరం మీదేనా?’ అన్నారు. మాదే! ‘జ్ఞా’ మధ్యలో ఆ కనపడని క్యారెక్టర్ ఉన్న మెసేజొస్తే యాప్‌లు కుప్పకూలేవి. యాపిల్ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది.

అప్పుడు ఆయన పని పద్ధతి చెప్పారు. ఎవరు ఏ మార్పు పంపినా ముందు టెస్టులు చదువుతారట, కోడ్ తర్వాత. ‘పదాల లిస్టు రాయి. ప్రతి పదం పక్కన ఎక్కడ కొయ్యొచ్చో, ఎక్కడ కొయ్యకూడదో, ఎందుకో ఇంగ్లిష్‌లో రాయి. తెలుగు రానివాడు కూడా సరిచూసుకునేలా ఉండాలి.’ అక్కడే మెట్ల మీద కూర్చుని రెండు గంటల్లో ఇరవై నాలుగు పదాలు రాశాం. కొనుక్కున్న ఫ్రైస్ చల్లారిపోయాయి. రాష్ట్రం, లక్ష్మి, సంక్రాంతి, హైదరాబాద్.. అన్నీ వెళ్లాయి. మార్చిలో నా మార్పు యాప్‌లో కలిసింది.

వీడియోలు చూస్తే సరిపోదా?

టాక్స్ కోసమైతే సరిపోతుంది. ఫాస్‌డెమ్ టాక్స్ నెట్‌లో ఫ్రీగా దొరుకుతాయి. దానికోసం లక్ష రూపాయలు పెట్టొద్దు. వీడియోలో దొరకనిది ఆ మెట్ల మీద దొరికింది. మన భాషని ఫోన్‌లో చూపించే కోడ్ రాసేవాళ్లలో చాలామంది మన భాష చదవలేరు. హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీనే తీసుకోండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో క్రోమ్‌లో ఇది చదువుతుంటే ఒత్తుల్ని సరైన చోట కూర్చోబెడుతున్నది అదే. దాని పేరు పర్షియన్ మాట! ఎవరెవరో, ఎక్కడెక్కడో చేసిన పని. అది మనకి సరిగ్గా పనిచేస్తోందా లేదా చెప్పాల్సింది మాత్రం మనమే.

అందరూ బ్రస్సెల్స్ వెళ్లక్కర్లేదు. 2009 నుంచి పైకాన్ ఇండియా జరుగుతోంది. బెంగళూరులో ఇండియాఫాస్ ఉంది, నైట్ బస్సెక్కితే చాలు. హైదరాబాద్‌లోనే తెలుగు సాఫ్ట్‌వేర్ మీద పనిచేసే స్వేచ్ఛ ఉంది. ఎక్కడికెళ్లినా టాక్స్ లిస్టుకంటే ముందు మనుషుల లిస్టు రాసుకోండి. ముందే మెసేజ్ పెట్టండి. ఒక్కటే ప్రశ్నతో వెళ్లండి. బ్యాగులో కాగితం, పెన్ను ఉంచుకోండి.

ఎక్కడికీ వెళ్లలేకపోయినా ఒక పని చేయొచ్చు. ఏ యాప్‌లోనైనా తెలుగు విరిగి కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి, సరైన రూపం పక్కన రాసి, ఆ యాప్ చేసినవాళ్లకి పంపండి. కోడింగ్ రానక్కర్లేదు. మా అమ్మకీ రాదు, పట్టుకున్నది మాత్రం ఆవిడే.